ఎద్దు చేత బండ లాగించవచ్చునా?

మన జూపాడు బంగ్లా మండలంలో గాని, నందికొట్కూరు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు గాని తిరునాళ్ల కరపత్రం చేతికొస్తే అందులో ఒక పంక్తి తరచుగా కనబడుతుంది: ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు పోటీలు. శివరాత్రి కావచ్చు, ఉగాది కావచ్చు, దర్గా ఉరుసు కావచ్చు, కొన్ని ఊళ్లలో క్రిస్మస్ కూడా కావచ్చు. పండుగ మారుతుంది గాని బండ మారదు. మైదానం చుట్టూ వేలమంది జనం, మైకులో వ్యాఖ్యానం, మధ్యలో కాడి కింద రెండు ఎద్దులు, వాటి వెనుక ఒక రాయి.

ప్రియ పాఠకులారా, ఈ వినోదం ధర్మసమ్మతమేనా? ఈ ప్రశ్న అడిగిన వెంటనే రెండు జవాబులు ఎదురొస్తాయి. "ఇది మన సంస్కృతి, తాతల నాటి ఆట" అని ఒకరంటారు. "ఇది మూగజీవాల మీద దౌర్జన్యం, ఆపివేయాలి" అని ఇంకొకరంటారు. ఈ ఇద్దరూ విషయాన్ని విచారించక ముందే తీర్పు చెప్పేశారు. మనం కాస్త నిదానంగా చూద్దాం. సొంత ఇంటి సంగతి మనకు సరిగా కనబడదు గనుక, ముందు ఇలాంటిదే దూరదేశంలో ఉన్న ఆటను పరిశీలించి, ఆ తరువాత మన మైదానానికి వద్దాం.

రోడియో ఎలా పుట్టింది?

అమెరికాలో రోడియో అనే ఆట ఉంది. ఆ పేరు స్పానిష్ భాషలోనిది. చుట్టుముట్టడం అని దాని మూలార్థం. మెక్సికో స్పెయిన్ పాలనలో ఉన్న రోజుల్లో పశువులను కంచెల్లేని బయళ్లలో వదిలేసేవారు. ఏడాదిలో కొన్నిసార్లు గుర్రాలెక్కిన పసులకాపరులు మందలను చుట్టుముట్టి ఒకచోటికి తోలి, ఎవరి పశువులను వారికి వేరుచేసి, దూడలకు వాతలు వేసేవారు. ఆ పనికే రోడియో అని పేరు. టెక్సాస్ కౌబాయ్‌లు పలుపు విసరడం, గుర్రాన్ని లొంగదీయడం ఈ మెక్సికో కాపరుల వద్దనే నేర్చుకున్నారు. 1865లో అంతర్యుద్ధం ముగిశాక టెక్సాస్ నుండి కాన్సాస్ రైలుస్టేషన్లదాకా వందల మైళ్లు మందలను తోలుకుపోయేవారు. పని లేని పూట ఎవరి పలుపు చురుకు, ఎవరి పట్టు గట్టిది అని పందెం వేసుకునేవారు.

తరువాత ఏమైంది? 1874లో ముళ్లతీగకు పేటెంటు వచ్చింది. బయళ్లన్నీ కంచెలయ్యాయి. రైలు పట్టాలు పశువులున్న చోటికే వచ్చాయి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆ దూరపు తోలకాలు ఆగిపోయాయి. కాపరికి పని పోయింది గాని చేతిలో విద్య మిగిలింది. ఆ విద్యను చూడటానికి డబ్బిచ్చేవారు దొరికారు. బఫెలో బిల్ కోడీ తన వైల్డ్ వెస్ట్ ప్రదర్శనను 1883లో ప్రారంభించాడు. అదే ఏడు టెక్సాస్‌లోని పేకోస్‌లో, 1888లో అరిజోనాలోని ప్రెస్కాట్‌లో పోటీలు జరిగాయి. 1897లో షయాన్, 1912లో కెనడాలోని కాల్గరీ పెద్ద ఉత్సవాలు పెట్టాయి. పని చచ్చిపోయిన చోట ఆట పుట్టిందన్న మాట. ఇది గుర్తు పెట్టుకోండి, మనకు మళ్లీ అవసరం వస్తుంది.

ఈ ఆటలో రెండు రకాల పోటీలున్నాయి. మొదటిది కాలంతో పందెం: పరుగెత్తే దూడను పలుపు విసిరి పట్టి కాళ్లు కట్టడం, ఇద్దరు రౌతులు కలిసి కోడెను పట్టడం, గుర్రం మీదనుండి దూకి కోడె కొమ్ములు పట్టి పడదోయడం, మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని పరుగెత్తించడం వంటివి. రెండవది ఎగిరి తన్నే గుర్రం మీద గాని, ఆబోతు మీద గాని ఎనిమిది సెకన్లు కూర్చోవడం. ఒక చేత్తోనే పట్టుకోవాలి, రెండవ చెయ్యి తగిలితే అనర్హుడు. నూరు మార్కుల్లో సగం మనిషికి, సగం పశువుకు. పశువు ఎంత గట్టిగా ఎగిరితే అంత మార్కు.

వీటిలో కొన్నింటికి పనిలో మూలం ఉంది. బయట తిరిగే దూడకు జబ్బు చేస్తే దాన్ని పట్టి కట్టక వైద్యం చేయలేరు. గుర్రాన్ని లొంగదీయకుండా దాని మీద పని చేయలేరు. కాని ఆబోతు మీద స్వారీ ఏ పశుపోషకుడికీ పనిలో అవసరం పడలేదు. అది చూసేవారి కోసమే వచ్చింది. అన్నింటికంటె ఎక్కువ జనాన్ని రప్పించేదీ అదే. 1989లో షయాన్‌లో లేన్ ఫ్రాస్ట్ అనే పాతికేళ్ల విజేత ఎనిమిది సెకన్లూ పూర్తి చేసి దిగిన తరువాత ఆబోతు కుమ్మి చనిపోయాడు. ఆ తరువాతనే రౌతులకు రక్షణ కవచాలు వాడుకలోకి వచ్చాయి.

మరొక సంగతి. 1936లో బోస్టన్‌లో రౌతులు పోటీ మధ్యలో సమ్మె చేశారు. తాము కట్టే ప్రవేశ రుసుమును బహుమతి మొత్తంలో కలపాలని వారి కోరిక. నెగ్గారు, సంఘం పెట్టుకున్నారు. అదే మైదానంలో ఉన్న ఆబోతుకు, దూడకు సమ్మె లేదు. వాటి తరఫున ఎవరో ఒకరు మాట్లాడితే తప్ప వాటికి గొంతు లేదు. ఇంగ్లండులో అలా మాట్లాడారు. 1924లో వెంబ్లీలో జరిగిన రోడియో మీద రేగిన ఆందోళన ఫలితంగా 1934లో చట్టం వచ్చి అక్కడ ఆ ఆట దాదాపుగా ఆగిపోయింది.

ఇంత దూరపు కథ మనకెందుకని అనుకోకండి. ఆ మైదానాల్లో ఎగిరే ఆబోతుల్లో చాలావాటికి బ్రాహ్మన్ అనే అమెరికా జాతి రక్తం ఉంది. ఆ జాతిని మన దేశం నుండి వెళ్లిన గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ పశువులతోపాటు మన ఒంగోలు పశువుల నుండి తయారుచేశారు. బ్రెజిల్‌లో ఒంగోలు జాతికి నెల్లూరు పేరు మీదనే నెలోరే అంటారు. మన మూపురం అక్కడిదాకా వెళ్లింది.

మన మైదానంలో

ఇప్పుడు మన సంగతి. ఒకప్పుడు ఈ నల్లరేగడి నేలలో ఎద్దు లేని ఇల్లు సేద్యం చేసే ఇల్లు కాదు. మడక, గొర్రు, గుంటక, బండి, కపిల బావి, కళ్లంలో నూర్పిడి, అన్నీ ఎద్దు మీదనే. నవనందుల పేర పూజలందుకునే ప్రాంతం మనది. ఏరువాక పున్నమికి ఎద్దును కడిగి కొమ్ములకు రంగు పూసే ఊళ్లు మనవి. తరువాత ట్రాక్టరు వచ్చింది. దేశం మొత్తం మీద ఎద్దులు, కోడెలు కలిపి మగ పశువులు 2012 పశుగణనలో సుమారు 6 కోట్ల 79 లక్షలు ఉంటే, 2019 గణనలో సుమారు 4 కోట్ల 74 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్లలో రెండు కోట్లకు పైగా తగ్గాయి. దుక్కిలో చోటు పోయిన ఎద్దుకు మైదానంలో చోటు దొరికింది. అమెరికాలో కాపరికి జరిగినదే ఇక్కడ ఎద్దుకు జరుగుతున్నది.

పోటీ పద్ధతి మీకు తెలిసినదే. ఎద్దులను పళ్లను బట్టి విభజిస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. నిర్ణయించిన నిమిషాల్లో ఎక్కువ దూరం లాగిన జతకు మొదటి బహుమతి. దూరాన్ని అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. పళ్లు చూసి బరువు నిర్ణయించడంలో ఒక న్యాయం ఉన్నది, దానిని ఒప్పుకోవాలి. లేగ ప్రాయపు కోడె చేత నిండు ఎద్దు బరువు లాగించకూడదని మన పెద్దలు ఎరుగుదురు.

చిత్తూరు వైపు చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమ నాటి పశువుల పండుగ వేరు తీరు. కొమ్ములకు చెక్క పలకలు కట్టిన పశువులను జనంలోకి వదులుతారు, కుర్రవాళ్లు ఆ పలకలను లాక్కోవాలి. అక్కడ గాయపడేది ఎక్కువగా మనుషులు. తమిళనాడు జల్లికట్టు దాని బంధువు. ఈ ఆటలను సుప్రీంకోర్టు 2014 మే 7న నిషేధించింది. ఆ తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలను సవరించుకున్నాయి. ఆ సవరణలు చెల్లుతాయని 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. చట్టం అనుమతించినది చేయవచ్చు, నిజమే. కాని చేయవచ్చునా అనే ప్రశ్నకు చట్టం సగం జవాబు మాత్రమే ఇస్తుంది. మిగతా సగం మనస్సాక్షి ఇవ్వాలి.

మూడు వాదాలు

మొదటి వాదం సంస్కృతి. ఒక పని తరతరాలుగా జరుగుతున్నది గనుక అది మంచిదే అనడం తర్కానికి నిలవదు. తరతరాలుగా అంటరానితనం కూడా జరిగింది. అట్లని సంస్కృతిని తేలికగా తీసివేయరాదు. ఎద్దును చూసి దాని పళ్లు, గిట్టలు, మూపురం, నడక చెప్పగలిగే జ్ఞానం పుస్తకాల్లో లేదు, ఈ పోటీలకు వచ్చే రైతుల దగ్గర ఉన్నది.

రెండవ వాదం జాతి రక్షణ. ఇది బలమైన వాదం. పోటీలే లేకపోతే లక్షలు పోసి ఒంగోలు జతను కొనేవాడెవడు? ఉలవలు ఉడికించి పెట్టేవాడెవడు? కోడెదూడ పుట్టిన మర్నాడే అది బరువనుకునే రోజులివి. పోటీ వలన కొన్ని కోడెలు బ్రతుకుతున్నాయి, కాదనలేము. అయితే ఈ వాదం ఎద్దును ఉంచుకోవడానికి కారణం చెబుతుంది, దానిని హింసించడానికి అనుమతి ఇవ్వదు. "నేను తిండి పెట్టకపోతే నీవు బ్రతికేవాడివి కావు" అని జీతగాడితో అన్న యజమానికి ఆ జీతగాణ్ణి కొట్టే హక్కు వచ్చిందా?

మూడవ వాదం: పశువుకు వివేకం లేదు, హక్కు లేదు, దానిని దేవుడు మనిషి కోసమే ఇచ్చాడు అని. తత్వశాస్త్రంలో దీనికి పెద్ద చరిత్రే ఉన్నది. పునీత తోమాసు అక్వినాసు పశువును మనిషితో సమానం చేయలేదు. కాని పశువు మీద జాలి అలవడినవాడికి మనిషి మీద జాలి సులభంగా కలుగుతుందని ఆయన బోధించాడు. కాంట్ అనే జర్మన్ తత్వవేత్తదీ దాదాపు ఇదే దారి. 1789లో బెంథామ్ అనే ఆంగ్లేయుడు ఒక అడుగు ముందుకు వేసి, పశువు ఆలోచించగలదా, మాట్లాడగలదా అన్నది కాదు, బాధపడగలదా అన్నదే అసలు ప్రశ్న అన్నాడు. అంతకు ఎంతో ముందే ద్వితీయోపదేశ కాండం కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టరాదని ఆజ్ఞాపించింది. పని చేసే ఎద్దుకు ఆ పనిలో భాగం ఉన్నదని దాని అర్థం. 1567లో ఐదవ పియూస్ జగద్గురువులు ఎద్దుల పోరాటాలను నిషేధించి, వాటిని జరగనిచ్చే రాజులకు బహిష్కార శిక్ష విధించారు. స్పెయిన్ రాజు ఒప్పుకోలేదు, తరువాతి పాపుగారు 1575లో ఆ కట్టడిని సడలించారు. ఆటను ఆపడం ఎంత కష్టమో ఆనాడే తెలిసింది. పశువుల్ని అనవసరంగా బాధపెట్టడం మానవ గౌరవానికే విరుద్ధమని నేటి కతోలిక సత్యోపదేశం చెబుతున్నది.

"మాంసం తినేవారికి ఈ మాట చెప్పే అర్హత ఉన్నదా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆహారం కోసం చంపడం సరియా కాదా అన్నది వేరే చర్చ. సరియే అనుకున్నా, చంపబోయే పశువును ముందుగా వేధించి ఆనందించే హక్కు అందులోనుంచి రాదు. అవసరం వేరు, సరదా వేరు.

రేపు అనే కాపలాదారు

నాకు ముఖ్యంగా తోచినది ఇది. సేద్యంలో ఎద్దుకు ఒక కాపలాదారు ఉండేవాడు. ఆ కాపలాదారు పేరు రేపు. రైతు ఎంత కోపిష్టి అయినా, ఎంత తొందరలో ఉన్నా, ఎద్దు సొమ్మసిల్లేదాకా తోలడు. ఎందుకంటే మిగిలిన అరెకరం రేపు దున్నాలి. ఎద్దు కూలబడితే ఇల్లు కూలబడుతుంది. ఎద్దు ఏడ్చిన సేద్యం, రైతు ఏడ్చిన రాజ్యం బాగుపడవని మనవాళ్లు ఊరికే అనలేదు. పాతకాలపు సేద్యం స్వర్గమని నేను చెప్పడం లేదు. మెడ మీద కాడి పుండ్లూ ఉండేవి, దెబ్బలూ ఉండేవి. కాని ఎక్కడో ఒకచోట ఆగవలసిన హద్దు ఆ పనిలోనే ఉండేది. పంట పండితే ధాన్యం మనిషికి, గడ్డి ఎద్దుకు. ఫలితంలో ఇద్దరికీ భాగం ఉండేది.

మైదానంలో ఆ కాపలాదారు లేడు. ఆ పది, ఇరవై నిమిషాల్లోనే అంతా తేలిపోవాలి. పక్క జత మరో పది అడుగులు ఎక్కువ లాగింది. జనం కేకలు వేస్తున్నారు. ఎవరో పందెం కాశారు. ఇక్కడ ఆగమని చెప్పేది ఏది? ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్లు, చూసేవారికి నొప్పి లేదు. రోడియోలో ఎనిమిది సెకన్లే గదా అంటారు, ఇక్కడ కాసిన్ని నిమిషాలే గదా అంటారు. కాలం తక్కువ గనుక బాధ తక్కువ అనుకుంటాం. కాని కాలం తక్కువ కావడం వల్లనే ఒత్తిడి ఎక్కువ. పరుగెత్తే దూడ పలుపు బిగిసి ఒక్కసారిగా ఆగిపోవడానికి ఒక్క క్షణం చాలు.

దీనికి పోటీదారులైన రైతులు ఒక సమాధానం చెబుతారు. "అయ్యగారూ, లక్షల విలువ చేసే జతను ఎవడైనా పాడు చేసుకుంటాడా? మాకూ రేపు ఉంది. వచ్చే నెల ఇంకో ఊళ్లో పోటీ ఉంది." ఈ మాటలో నిజం ఉన్నది. వారిలో చాలామంది తమకంటె ముందు ఎద్దుకు పెడతారు, రాత్రిపూట లేచి చూసి వస్తారు. వారి ప్రేమను నేను శంకించను. కాని ధరను బట్టి వచ్చే కాపలా ధర ఉన్నన్నాళ్లే ఉంటుంది. కాబట్టి ప్రేమను కొలవడానికి గెలిచిన ఎద్దును చూస్తే చాలదు. ఓడిన ఎద్దు, వయసు మళ్లిన ఎద్దు, కాలు జారి కుంటిదైన ఎద్దు ఎక్కడున్నాయని అడగాలి. అవి గాటనే గడ్డి నములుతూ ఉంటే, ఆ ఇంటి ఆటను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. అవి సంతకు పోయే లారీ ఎక్కి ఉంటే, అక్కడ ఉన్నది పెట్టుబడి. రెండెకరాల పేదరైతు ముసలి ఎద్దును మేపలేక అమ్ముకుంటే అతన్ని నేను నిందించను. లక్షలు పెట్టి జతను కొని, మెడలో దండలు వేసి ఊరేగించినవారికి మాత్రం ఆ బాకీ ఉన్నది.

ఏం చేయాలి?

రేపు లేనిచోట నియమం కాపలా కాయాలి. ఇది కొత్త మాట కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పశువును కొట్టడాన్ని, శక్తికి మించి తోలడాన్ని, అధిక బరువు వేయడాన్ని నేరమన్నది. బరువులాగే పశువుల కోసం 1965లో వచ్చిన నియమాలు రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, ఎడతెగకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదన్నాయి. 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు కాడి కట్టరాదన్నాయి. మొనదేలిన ముల్లుకర్ర వాడరాదన్నాయి. బండికీ దుక్కికీ ఈ మాత్రం కనికరం అవసరమైతే, సరదాకు ఇంకెంత అవసరం? ఎండలు 40 డిగ్రీలు దాటే మన నంద్యాల సీమలో మిట్టమధ్యాహ్నం మైదానం తెరిచే నిర్వాహకులు దీనిని ఆలోచించాలి.

పోటీలు మానండి అని నేను చెప్పడం లేదు. మానితే ఒంగోలు కోడెకు మంచి రోజులు వస్తాయని నమ్మకంగా చెప్పలేను. పెట్టేవారు పొద్దున్నే పెట్టండి, సాయంత్రం పెట్టండి. ముల్లుకర్రను, చర్నాకోలను గేటు దగ్గరే తీసుకోండి. పశువైద్యుణ్ణి వేదిక మీద అతిథిగా కాక మైదానం అంచున నిలబెట్టి, ఆపమనే అధికారం ఆయనకివ్వండి. పందేలు కాసేవారిని దూరం పెట్టండి. చూడటానికి వెళ్లేవారు ఒక్కటి గమనించండి: ఎద్దు మోకాళ్ల మీద పడినప్పుడు మీ నోటి నుండి వచ్చే కేక ఎలాంటిది? "అయ్యో" అని వచ్చిందా, "లేపు, లేపు" అని వచ్చిందా? పక్కన మీ బిడ్డ నిలబడి ఆ కేకను నేర్చుకుంటున్నాడు.

ఈ ఏడు పోటీ పెట్టే పెద్దలకు ఒక మనవి. కరపత్రంలో బహుమతుల జాబితా కింద మరొక పంక్తి అచ్చు వేయించండి: మోకాలు వేసిన జతను అక్కడికక్కడే ఆపివేసి కాడి దించుతాము అని. అచ్చు వేయించిన దానిని మైదానంలో పాటించండి.